నేను మూడో గ్రూపులో వేసిన పిల్ల

రిటైరైన టీచర్లను సభలకు పిలిచినప్పుడు మేమందరం దాదాపు ఒకే కథ చెబుతాం. మా దగ్గర చదివి పైకొచ్చిన పిల్లల కథ. నేనూ చాలాసార్లు చెప్పాను. నా దగ్గర ఇంకో కథ కూడా ఉంది, జనం అడిగి మరీ చెప్పించుకునేది. ఇరవై ఏడేళ్ళ దాకా అక్షరం ముక్క రాని మనిషి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు ఎలా అయిందన్నది ఆ కథ. అది చెబితే చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి వాళ్ళు వచ్చి నాతో ఫోటో దిగుతారు. అప్పుడు నాకు కొంచెం సిగ్గేస్తుంది. ఎందుకో ఇప్పుడు రాస్తాను. ఇది మెప్పు కోసం రాస్తున్నది కాదు. మీరు వేసే గ్రేడ్ల వెనక ఏం జరగగలదో మీకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు మాటల్లో చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మాది చల్లపల్లి అవతల ఒక పేట. పదిహేనో ఏట పెళ్ళి. నాట్లు, కలుపులు, మినుము తీతలు. మా చర్చిలో పాస్టరమ్మగారు మధ్యాహ్నం పూట పనుల్లేని ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేవారు. నాకు చదువు వచ్చింది పాటల పుస్తకంలో. పాటలు ఎలాగూ నోటికి వచ్చు కాబట్టి పైకి పాడుతూ, ఏ మాట దగ్గర ఏ అక్షరం ఉందో వేలు పెట్టి చూసుకునేదాన్ని. చదవడమంటే పైకి చదవడమే అని నా బుర్రలో అప్పుడే నాటుకుంది. ఆ తర్వాత ఓపెన్ స్కూలు, ఓపెన్ డిగ్రీ, బీఈడీ. ఉద్యోగం వచ్చేసరికి నలభై దగ్గర పడ్డాయి.

బీఈడీలో చేరినప్పుడు నా ఇంగ్లీషు పుస్తకం నిండా తెలుగే. ప్రతి ఇంగ్లీషు మాట కింద పెన్సిలుతో తెలుగు అక్షరాలు రాసుకునేదాన్ని. ఒకరోజు మా లెక్చరరు ఆ పుస్తకం తీసుకుని, నలభైమంది ముందు ఎత్తి చూపించి, "అమ్మా, మీరు ఇంగ్లీషు చదవట్లేదు. తెలుగే చదువుతున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళందరూ నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. ఆ సాయంత్రం రబ్బరు పెట్టి పుస్తకం మొత్తం చెరిపేశాను. చెరుపుతుంటే కొన్ని చోట్ల కాగితం చిరిగింది కూడా. అది నాకు మంచే చేసిందని చాలా ఏళ్ళు నమ్మాను. ఇంగ్లీషు మాట కింద తెలుగు అక్షరం కనిపిస్తే చాలు, ఆ పిల్లకు చదవడం రాదని తేల్చేసేదాన్ని. ఇందులో నాకు అనుమానమే ఉండేది కాదు. స్వయంగా అనుభవించినదాన్ని కదా, నాకంటే ఎవరికి తెలుసు అనుకునేదాన్ని.

నేను చెప్పబోయేది నా సర్వీసు చివరి ఏళ్ళలో, విజయవాడ ఆటోనగర్ పక్కన ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో జరిగింది. మా పిల్లలందరూ షెడ్లలో పనిచేసేవాళ్ళ పిల్లలు. బాడీ బిల్డింగు, వెల్డింగు, పెయింటింగు, స్పేర్ పార్ట్సు షాపుల్లో పని. పదో తరగతి పిల్లలను ఆగస్టులో మూడు గ్రూపులు చేసేవాళ్ళం. మొదటి గ్రూపు పది పాయింట్ల కోసం, రెండోది మధ్యస్తం, మూడోది గట్టెక్కితే చాలనుకునే పిల్లలది. అప్పట్లో మార్కుల మెమోలు లేవు. ఒక్కో సబ్జెక్టుకు పదికి ఇన్ని పాయింట్లని గ్రేడు ఇచ్చేవాళ్ళు. మూడో గ్రూపు పిల్లలకు పుస్తకంలోని పాఠాలు చెప్పం. వాళ్ళకొక చిన్న జిరాక్సు పుస్తకం ఇస్తాం. మినిమమ్ అంటాం దాన్ని. ఫారం నింపడం, స్నేహితుడికి ఉత్తరం, ఒక సంభాషణ, బొమ్మ చూసి ఐదు వాక్యాలు, ఇలా పది అంశాలు. ఆ పదీ బట్టీ పట్టి రాస్తే ఎంత రానివాడైనా పాసవుతాడు. నేను మా బడిలో చేరినప్పటి నుంచి మూడో గ్రూపు నాకే ఇవ్వమని అడిగి తీసుకునేదాన్ని. వాళ్ళు నాలాంటి వాళ్ళు, వాళ్ళ కష్టం నాకే తెలుస్తుందని చెప్పేదాన్ని. మా పెద్ద మేడమ్, అంటే హెడ్మిస్ట్రెస్, అందుకు నన్ను ఎంతో మెచ్చుకునేవారు. మిగతా టీచర్లు కూడా మెచ్చుకునేవాళ్ళు, ఆ గ్రూపు తమ మెడకు పడనందుకు.

ఆ సంవత్సరం ఆగస్టులో గ్రూపులు చేసే రోజు నేను నా పద్ధతిలోనే చేశాను. ఒక్కొక్కరినీ పిలిచి, పాఠ్యపుస్తకం తెరిచి, ఒక పేరా పైకి చదవమన్నాను. ఆ అమ్మాయి వచ్చింది. సన్నగా, నూనె రాసి గట్టిగా వేసిన రెండు జడలతో. పుస్తకం నా ముందు పెట్టింది. మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా ప్రతి ఇంగ్లీషు మాట కింద తెలుగు అక్షరాలు. ఎంత పొందిగ్గా రాసిందంటే, వరసలు తప్పకుండా ముత్యాల్లా ఉన్నాయి. నా పాత పుస్తకం మళ్ళీ ఎవరో నా ముందు పెట్టినట్టు అనిపించింది. చదవమన్నాను. ఒక మాట చదివి ఆగింది. ఇంకో మాట చదివి ఆగింది. ప్రతి మాటనూ విడివిడిగా, గట్టిగా, చివర కొంచెం ఒత్తి పలికింది. తప్పులు చదివిందా అంటే, నిజం చెప్పాలి, లేదు. కానీ నేను తప్పులు వినలేదు, ఆగడమే విన్నాను. పేరా సగంలోనే చాలన్నాను. ఆ వారమే రాయించిన పరీక్షలో ఆమెకు మంచి మార్కులే ఉన్నాయి. పక్కమ్మాయిని చూసి రాసి ఉంటుందనుకున్నాను. ఆమె పేరు మూడో గ్రూపు జాబితాలో రాశాను.

జాబితా స్టాఫ్ రూంలో బల్ల మీద పెడితే మా లెక్కల మాస్టారు చూశాడు. ఆయన నాకంటే చిన్నవాడు, కాస్త నోటి దురుసు మనిషి. కానీ పిల్లల విషయంలో బంగారం.

"ఈ పిల్లేంటి మేడమ్, ఇక్కడ?"

"చదవడం రాదండీ దానికి."

"నా క్లాసులో దాన్ని మించినోళ్ళు లేరు. ఇంగ్లీషులో ఇచ్చిన లెక్క చదివి చేసుద్ది."

"అంకెలు చూసి చేస్తుందేమో లెండి."

ఆయన నవ్వి, ఇంగ్లీషు వాళ్ళకు పిల్ల నోరే కనబడుతుంది తప్ప బుర్ర కనబడదన్నాడు. నేనూ తగ్గలేదు. లెక్కల వాళ్ళకు జవాబే కనబడుతుంది, పిల్ల కనబడదన్నాను. పక్కనే ఉన్న హిందీ మేడమ్ ఇద్దరికీ టీ పోసి, ఈ బడిలో పిల్లలు కనబడేది తనకొక్కదానికే అంది. అందరం నవ్వుకున్నాం. జాబితా పెద్ద మేడమ్ సంతకంతో పై ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మూడో గ్రూపును సైన్సు గది పక్క వరండాలో కూర్చోబెట్టేదాన్ని. పద్దెనిమిది మంది. నేను మినిమమ్ పుస్తకాలు పంచిన వారంలోనే ఆ అమ్మాయి పది అంశాలూ చూడకుండా రాసి చూపించింది. రెండో వారం ఆమెకు చెయ్యడానికి ఏమీ లేదు. అప్పుడైనా నాకు తట్టాలి. కానీ బట్టీ పట్టడం వేరు, ఇంగ్లీషు రావడం వేరు అనుకున్నాను. వెనక కూర్చున్న ఇద్దరు పిల్లలకు ఉత్తరం ఎలా మొదలెట్టాలో ఆమె చెబుతుంటే విన్నాను. నాకంటే బాగా చెబుతోంది. మాట మాటకూ ఆగి, వాళ్ళ కళ్ళు ఆ మాట మీదకు వచ్చాకే ముందుకు పోతోంది. సరే, నాకూ చెయ్యి సాయం అనుకుని, ముగ్గురిని ఆమెకు అప్పగించాను. తర్వాత ఐదుగురిని. దసరా సెలవులు దాటేసరికి గ్రూపులో సగం ఆమె చేతిలోనే ఉన్నారు. నేను ఆమెను చిన్న టీచరని పిలిచేదాన్ని. పిల్లలూ అలాగే పిలిచేవాళ్ళు. నాకు ఆయాసం తగ్గింది. ఆ ఏడు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. కుర్చీలో కూర్చుని చూస్తుంటే పని జరిగిపోయేది.

మీకు ఒక మాట చెప్పాలి. తప్పు చేస్తున్నప్పుడు మనసు గుచ్చుతుందంటారు. నాకేమీ గుచ్చలేదు. ఆ రోజుల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను.

డిసెంబరులో తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. ఆ అమ్మాయి తల్లి వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఆటోనగర్లో ఒక స్పేర్ పార్ట్సు షాపులో ఊడ్చే పని. భర్త లేడు. నేను పిల్లను మెచ్చుకుని, చివర్లో ఒక చిన్న ఫిర్యాదు చెప్పాను. పుస్తకం నిండా తెలుగు రాసుకుంటోందని, ఆ అలవాటు మానకపోతే ఇంగ్లీషు ఎప్పటికీ రాదని. పుస్తకం తెరిచి చూపించాను. ఆమె ముఖం చిన్నబోయింది. చీర కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"దాన్ని ఏమనకండి మేడమ్ గారూ. ఆ రాతలు దాని కోసం కాదండి. నా కోసం రాసిద్ది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నాకు తెలుగు కూడబలుక్కోవటం వచ్చండి, పెళ్ళయ్యాక నేర్చుకున్నా. షాపులో డబ్బాల మీద అంతా ఇంగ్లీషే. అవి చదవగలిగితే ఊడ్చే పని మానిపించి ప్యాకింగులో పెడతానన్నారు ఓనరు గారు. అందుకని సాయంత్రం పూట పుస్తకం పెట్టుకుంటాం. అది ఒక్కో మాట ఆగి ఆగి చదువుద్ది, నేను కింద తెలుగు చూసుకుంటా పైన ఇంగ్లీషు గుర్తు పెట్టుకుంటా. పుస్తకం పాడైపోయింది, నిజమేనండి. కొత్తది కొనిస్తా."

ఆ మాటలు విన్నప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చెయ్యి పట్టుకున్నాను. అక్కడున్న మిగతా తల్లులందరికీ వినబడేలా నా కథ చెప్పాను. పాస్టరమ్మగారు, పాటల పుస్తకం, వేలు పెట్టి చదవడం. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పక్కన నిలబడిన అమ్మాయి మా ఇద్దరినీ చూస్తూ ఉంది.

ఆమె మాటల్లో నేను విని తీరాల్సిన సంగతులు రెండున్నాయి. ఒకటి, నాలాంటి ఆడమనిషి ఒకరు కష్టపడి చదువు నేర్చుకుంటోందని. రెండోది, ఆమెకు ఆ చదువు నేర్పుతున్న పదిహేనేళ్ళ పిల్లకు ఇంగ్లీషు బాగా వచ్చని. ఆగి ఆగి చదివింది చదవడం రాక కాదు, నేర్పడం అలవాటై. నేను మొదటిది విన్నాను. అది విన్నాక నాకు నేనే కనిపించాను. నన్ను చూసుకోవడంలో మునిగిపోయి, పిల్లను చూడలేదు.

వారం రోజులు స్టాఫ్ రూంలో అదే చెప్పాను. పెద్ద మేడమ్‌కు చెప్పి, జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక ఆ తల్లిని వేదిక మీదకు పిలిపించాను. నా డబ్బుతో శాలువా కొన్నాను. ఆమె చేత మైకు ముందు ఒక డబ్బా మీది ఇంగ్లీషు పేరు చదివించాను. బేరింగు డబ్బా. షాపు నుంచి తనే తెచ్చుకుంది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. మూడో గ్రూపు పిల్లలు అందరికంటే గట్టిగా కొట్టారు. నేను మైకులో మాట్లాడుతూ, చదువుకు వయసు లేదని, పట్టుదల ఉంటే ఏదైనా వస్తుందని ఏవేవో చెప్పాను. కూతురు తొమ్మిదో వరసలో నిలబడి ఉంది. ఆమె పేరు నేను ఎత్తలేదు. తల్లికి నేర్పింది ఆమేనన్న మాట ఎలా మర్చిపోయానో ఇప్పటికీ తెలియదు.

ఆ మర్నాడు ఆమె వరండాలో నా కుర్చీ దగ్గరకు వచ్చింది. అప్పటి దాకా నన్ను ఏదీ అడగని పిల్ల.

"మేడమ్, నన్ను మొదటి గ్రూపులో కూర్చోనిస్తారా?"

ఎందుకని అడిగాను.

"పాఠాలన్నీ అక్కడే చెప్తున్నారు. లెక్కల సారు నాకు ట్రిపుల్ ఐటీ సీటు వస్తదన్నారు. ఇంగ్లీషులో మంచి పాయింట్లు రావాలంట."

ట్రిపుల్ ఐటీ సీటంటే ఆరేళ్ళు హాస్టల్లో ఉండి, ఇంట్లోవాళ్ళ మీద భారం లేకుండా ఇంజనీరింగు చదవడం. మా బడి నుంచి అప్పటికి ఇద్దరికే వచ్చింది. పదో తరగతి పాయింట్లను బట్టే ఇస్తారు. ఆ సంగతి ఆమె అడిగే దాకా నాకు తట్టలేదంటే మీరు నమ్మాలి. నేను మూడో గ్రూపు టీచర్ని. నా లెక్కలు పాసు దగ్గర మొదలై పాసు దగ్గరే ఆగేవి.

జాబితా మార్చడం పెద్ద కష్టం కాదు. పెద్ద మేడమ్‌కు ఒక కాగితం రాయాలి, పై ఆఫీసుకు పంపాలి. ఎందుకు తప్పుగా వేశానో ఒక వాక్యం రాయాలి. నేను వెనక్కి తిరిగి వరండాలో కూర్చున్న పిల్లలను చూశాను. ఐదుగురు మినిమమ్ పుస్తకాలు పట్టుకుని ఆమె కోసం ఎదురు చూస్తున్నారు. నా మోకాళ్ళు లాగుతున్నాయి.

"నువ్వు వెళ్ళిపోతే వీళ్ళను ఎవరు చూస్తారు చిన్న టీచరూ?" అన్నాను.

నవ్వుతూనే అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆమె "సరే మేడమ్" అంది. వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చుంది.

ఆ తర్వాత ఆమె మొదటి గ్రూపులో ఒక స్నేహితురాలి నోటు పుస్తకం అడిగి తెచ్చుకుని, భోజనం గంటలో రాసుకునేది. ఒకసారి చూసి, ముందు మనకిచ్చినవి చూడమన్నాను. పుస్తకం మూసేసింది.

ఫిబ్రవరిలో ఇంటర్నల్ మార్కులు వెయ్యాలి. వందలో ఇరవై మార్కులు మా చేతిలో ఉంటాయి. ప్రాజెక్టులు, నోటు పుస్తకాలు, చిన్న పరీక్షలు, వీటికి. మా హిందీ మేడమ్ అయితే పెన్ను మూత తియ్యకముందే పంతొమ్మిది అనుకునేది. అందరికీ అంతే. వచ్చిన వాళ్ళకు తక్కువ కాకూడదు, రాని వాళ్ళు ఏడవకూడదు అని ఆమె సిద్ధాంతం. నాకది నచ్చేది కాదు. నేను ఎవరి దయ మీదా రాలేదు, ఎవరికీ దయగా వెయ్యను అనేదాన్ని. పైగా పక్క మండలం నుంచి తనిఖీ బృందం వచ్చి రికార్డులు చూస్తుంది. మూడో గ్రూపులో ఉన్న పిల్లకు పద్దెనిమిది ఎలా వేశారని అడుగుతారు. అందుకని మూడో గ్రూపుకు పన్నెండు, పదమూడు వేసేదాన్ని. ఆమెకు పద్నాలుగు వేశాను. గ్రూపులో అదే అందరికంటే ఎక్కువ. అది ఆమెకు నేను చేసిన గౌరవం అనుకున్నాను.

లెక్కల మాస్టారు రిజిస్టరులో ఆ అంకె చూసి, ఈసారి వేళాకోళం ఆడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"మేడమ్, ఈ ఒక్క పిల్లకు మార్చండి. ఆ తనిఖీ వాళ్ళు అడిగితే నేను మాట్లాడతా."

"రేపు ఇంకొకరి కోసం ఇంకొకరు అడుగుతారండీ."

"ఇంకొకరికీ దీనికీ తేడా మీకు తెలియదా? వాళ్ళమ్మకు శాలువా కప్పారు కదా?"

ఆ మాట నాకు తగిలింది. తగిలిన చోట కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒకరు చెబితే మార్కులు వెయ్యలేదు, ఇప్పుడూ వెయ్యనని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన లేచి కుర్చీ మళ్ళీ దాని చోట పెట్టి వెళ్ళిపోయాడు. నేను రిజిస్టరు మూసి సంతకం పెట్టాను. నిజాయితీగా పనిచేశానన్న తృప్తి ఆ సాయంత్రం నాకు పూర్తిగా ఉంది.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. మా బడిలో ఇంగ్లీషులో ఒక్కరు కూడా తప్పలేదు. మూడో గ్రూపు పద్దెనిమిది మందీ పాస్. పెద్ద మేడమ్ బందరు లడ్డూలు తెప్పించి, మొదటి లడ్డూ నా చేతిలో పెట్టారు. అందరూ నాకు శుభాకాంక్షలు చెబుతున్నారు. లెక్కల మాస్టారు ఒక మూల కూర్చుని ఆ అమ్మాయి ఫలితం చూస్తున్నాడు. లెక్కలు పది, సైన్సు పది, సోషలు పది, తెలుగు పది, హిందీ తొమ్మిది. ఇంగ్లీషు ఏడు. ఖాళీ సుద్దముక్కల డబ్బా తిరగేసి, దాని వెనక కూడి, భాగించి, సీట్ల లెక్కలో ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా ఇచ్చే పాయింట్లు కూడా కలిపి చూశాడు. ఇంకోసారి చేశాడు. తర్వాత నా వైపు చూసి, "ఒక్క పాయింటు మేడమ్" అన్నాడు. మళ్ళీ డబ్బా వైపు తిరిగాడు. ఏదైనా అంటే బాగుండేది.

జూలైలో సీట్ల జాబితా వచ్చింది. ఆమె పేరు లేదు. రెండో జాబితాలోనూ లేదు. ఆయన చెప్పింది నిజమే. ఇంగ్లీషులో ఎనిమిది ఉంటే వచ్చేది.

మీరు అడగవచ్చు, పద్నాలుగుకు బదులు పద్దెనిమిది వేసి ఉంటే ఆ పాయింటు వచ్చేదా అని. నాకు తెలియదు. మెమోలో మార్కులు ఉండవు, పాయింట్లే ఉంటాయి. ఆమెకు పబ్లిక్‌లో ఎన్నొచ్చాయో, పై గ్రేడుకు ఎంత తగ్గిందో చూసే దారి లేదు. రెండు మార్కులే కావచ్చు, ఏడు కావచ్చు. రెండయితే నా పెన్ను వల్ల పోయింది. ఏడయితే నేను చెప్పని పాఠాల వల్ల పోయింది. ఎటు తిప్పినా నా దగ్గరికే వస్తుంది. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఎన్నిసార్లు చేశానో. మా మాస్టారు డబ్బా మీద చేసినంత తేలిగ్గా తెగదు.

టీసీ తీసుకోవడానికి తల్లీ కూతుళ్ళు వచ్చారు. తల్లి అప్పటికి ప్యాకింగు పనిలోకి మారింది. ఒక అత్తం అరటిపళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మీరు దగ్గరుండి చూసుకోబట్టి ఇంగ్లీషు గట్టెక్కింది, లేకపోతే ఏమైపోయేదో అని చేతులు జోడించింది. పిల్ల గోడ మీది టైం టేబులు చూస్తోంది. నాకు చెప్పాలనిపించింది. నోరు కూడా తెరిచాను. అంతలో గుమస్తా వచ్చి సంతకం పెట్టమని కాగితం ముందుకు తోశాడు. పెట్టాను. టీసీ వాళ్ళ చేతికిచ్చి, చెప్పకుండానే పంపేశాను. అరటిపళ్ళు స్టాఫ్ రూంలో పంచాను. లెక్కల మాస్టారు తీసుకోలేదు.

ఆ వేసవి తర్వాత నేను పైకి చదివించి గ్రూపులు చెయ్యడం మానేశాను. జాబితా రాసేముందు ఒక్కో పిల్ల ఇంట్లో ఎవరికి ఏం చదివి పెడుతుందో అడిగేదాన్ని. ఎంతమంది పిల్లలు ఇళ్ళల్లో కరెంటు బిల్లులు, మందుల చీటీలు, ఫోను మెసేజీలు చదివి పెడుతున్నారో అప్పుడు తెలిసింది. రిటైరయ్యే దాకా ఆ పని చేశాను. అది ఆ పిల్లకు ఏ రకంగానూ ఉపయోగపడలేదు.

రిటైరయ్యాక రెండేళ్ళకు మా తమ్ముడి ఆటోకు ఏదో సామాను కావాలంటే ఆటోనగర్ వెళ్ళాం. షాపులో బిల్లు కంప్యూటరు ముందు ఆ అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఇంటరు పాసయ్యాక డిగ్రీ రెండేళ్ళు చదివి ఆపేసిందట. అమ్మకు వెన్నునొప్పి, ఇంట్లో కూర్చుంటోంది. పాత సంగతులు మాట్లాడుకున్నాం. నోటు పుస్తకం ఇచ్చిన ఆ స్నేహితురాలు గన్నవరం ఎయిర్‌పోర్టులో కౌంటరు ఉద్యోగంలో చేరిందని చెప్పింది. ఇంకా మనుషులు కావాలని ఆ పిల్ల తనకు కూడా కబురు చేసిందట.

మరి నువ్వు వెళ్ళలేదేం అని అడిగాను.

"అక్కడ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అంట మేడమ్. నాకు రాదు కదా. నేను మీ మూడో గ్రూపు, మర్చిపోయారా?"

నవ్వుతూ చెప్పింది. అందులో ఎత్తిపొడుపు లేదు. నేను వెతికాను, లేదు. తనకు ఇంగ్లీషు రాదని ఆమె నిజంగా నమ్ముతోంది. ఒక టీచరు చూసి, చదివించి, తేల్చి చెప్పిన సంగతి అది. వాళ్ళ అమ్మ మెచ్చిన టీచరు.

మా తమ్ముడు పక్కనే ఉన్నా పట్టించుకోకుండా చెప్పేశాను. నీకు అప్పుడే వచ్చు, బాగా వచ్చు, మీ అమ్మకు నేర్పింది నువ్వే, నిన్ను ఆ గ్రూపులో వెయ్యడం నా తప్పు, నువ్వు అడిగినప్పుడు మార్చకపోవడం ఇంకా పెద్ద తప్పు, ఆ సీటు నా వల్లే పోయింది అన్నాను. ఇన్నేళ్ళు దాచుకున్న మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఆమె వింటూ కాసేపు నా ముఖంలోకి చూసింది. మొదట ఆశ్చర్యపోయింది. తర్వాత ఆమె కళ్ళల్లోకి ఒక మెత్తదనం వచ్చింది. ముసలివాళ్ళు బాధపడుతుంటే చిన్నవాళ్ళ కళ్ళల్లోకి వచ్చే మెత్తదనం. నా మాటలు నిజమని కాదు, నా మనసు మంచిదని అనుకుంది. లోపలి నుంచి స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చింది.

"మీరు అంత బాధపడకండి మేడమ్," అంది. "పాసయ్యాను కదా."